చల్లటి బట్టీలో తొలి వంతు

ఈమధ్య ముక్కూమొహం తెలియని పిల్లలు నాకు తరచుగా ఫోన్ చేస్తున్నారు. ఒకరు సార్నియా నుంచి, ఒకరు ఒషావా నుంచి, ఇంకొకరు మా విన్నిపెగ్‌లోనే పక్కవీధి నుంచి. అందరి ప్రశ్నా ఒకటే. "అంకుల్, కెనడాలో స్థిరపడే పర్మిట్, అదే పీఆర్‌కి ఫ్రెంచి పాయింట్స్ కావాలి. ఎన్ని నెలల్లో వస్తుంది?" నెలల్లో వస్తుందో రాదో నాకు తెలియదు. నాకు మాత్రం మా నాన్నగారి తిట్లతో వచ్చింది. మాది యానాం. ఆయన ఫ్రెంచివాళ్ళ కాలంలో బడికి వెళ్ళిన మనిషి. ముద్దు చెయ్యాలంటే తెలుగు, కోప్పడాలంటే ఫ్రెంచి. నేను చదువులో అంతంతమాత్రం కాబట్టి ఫ్రెంచి బాగానే పట్టుబడింది.

ఆ భాషే కెనడాలో నాకు అన్నం పెట్టింది. మీరు అడుగుతున్నది పాయింట్ల గురించే అయినా, అదే భాష ఒకసారి నా ఉద్యోగానికి ఎలా ఎసరు పెట్టబోయిందో కూడా చెప్పాలి. విని, ఆ తర్వాత క్లాసులో చేరాలో వద్దో మీరే తేల్చుకోండి.

విన్నిపెగ్‌లో నది అవతల ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ పేట ఉంది కదా, అక్కడ ఒక చిన్న మ్యూజియంలో నేను అనువాదకుణ్ణి. గోడ మీద ప్రతి బోర్డూ రెండు భాషల్లో ఉండాలి, అందుకని నేను ఉండాలి. మా డైరెక్టరమ్మ చురుకైన మనిషి. ఆవిడకి రోజుకొక ఐడియా వచ్చేది, దాన్ని రెండు భాషల్లో పెట్టడం నా పని. మ్యూజియంకి వచ్చేవాళ్ళు తక్కువ. చలికాలంలో అయితే, హీటర్ కోసం లోపలికి వచ్చి, మొహమాటానికి ఒక బోర్డు చదివి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. పాలకవర్గం వాళ్ళు ఈ మ్యూజియంని మూసి సామానంతా పెద్ద మ్యూజియంలో కలిపేద్దామని చాలాకాలంగా చూస్తున్నారు. అక్కడ అనువాదకులు వాళ్ళకి ఉన్నారు. నాకు అప్పటికి యాభై దాటింది. ఆ వయసులో మళ్ళీ రెజ్యూమె పట్టుకుని, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పక్కన కూర్చుని, మీ బలహీనత ఏమిటి అని అడిగితే నవ్వుతూ జవాబు చెప్పడం నావల్ల అయ్యే పని కాదు.

అలాంటి సమయంలో మాకొక దారి దొరికింది. విన్నిపెగ్‌కి కారులో రెండు గంటల దూరంలో గోధుమలు పండించే ఒక చిన్న ఊరుంది. దాన్ని కట్టినవాళ్ళు వందేళ్ళకి ముందెప్పుడో దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక పల్లె నుంచి కట్టకట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఒక సంఘం పెట్టుకున్నారు. మా మ్యూజియంలో ఖాళీగా ఉన్న గదిలో తమ మూలగ్రామం చరిత్ర పెట్టిస్తామని, వెనక పెరట్లో ఆ ఊరి రొట్టెల బట్టీకి అచ్చు నకలు కట్టిస్తామని ముందుకొచ్చారు. ఒకటే షరతు. ఆ చరిత్రని వాళ్ళూ ఒప్పుకోవాలి, అక్కడ ఫ్రాన్స్‌లో మిగిలిన ఊరివాళ్ళూ ఒప్పుకోవాలి. గది తెరుచుకుంటే మ్యూజియం నిలుస్తుందని, లేకపోతే మూతేనని డైరెక్టరమ్మ నాతో తలుపు వేసి మరీ చెప్పింది. ఆ చరిత్ర రాసే పని కూడా నాకే ఇచ్చింది. అన్నేళ్ళు ఇంకొకరి మాటలు మోసిన నాకు సొంతంగా రాయమనడం అదే మొదలు. ఎగిరి గంతేశాను.

ఆ ఊరు నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. ఫొటోలు, పాత పటాలు, ఆ ఊరి మేయరమ్మతో ఫోన్లు, అంతే. అయినా కొన్నాళ్ళకి ఏ మలుపులో ఎవరి మేకలు కడతారో నాకు తెలిసిపోయింది. కొండవాలు మీద ఊరు. రాళ్ళనేల. కింద ద్రాక్షతోటలు, పైన చెస్ట్‌నట్ చెట్లు, మధ్యలో మేకలు. ఊరి మధ్యన అందరికీ కలిపి ఒకే రొట్టెల బట్టీ. ఒకప్పుడు అది జమీందారుది, కాల్చుకున్న ప్రతివాడూ ఆయనకి రొట్టెలో భాగం ఇవ్వాలి. తర్వాత ఊరుమ్మడిది అయింది. అప్పటినుంచి వంతులు.

ఇక్కడ బట్టీ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. చల్లగా ఉన్న బట్టీని మొదట వెలిగించినవాడికి ఎప్పుడూ నష్టమే. రాళ్ళు వేడెక్కడానికి వాడి కట్టెలే కాలాలి. అంతా చేసినా లోపల వేడి చాలక వాడి రొట్టె అడుగు పచ్చిగానే ఉంటుంది. రెండోవాడికీ మూడోవాడికీ దివ్యంగా కాలుతుంది. అందుకే తొలి వంతు ఎవరికీ వద్దు. ఆ వంతు ఇంటింటికీ తిరుగుతూ రావాలని ఊరి కట్టుబాటు.

ఒక కాలంలో ద్రాక్షతీగల వేళ్ళకి పురుగు పట్టింది. తోటలన్నీ ఎండిపోయాయి. ఊరు ఆకలితో అల్లాడింది. సగం కుటుంబాలు ఊరొదిలి, ఓడెక్కి మన విన్నిపెగ్ ఉన్న మానిటోబాకి వచ్చాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ వెళ్ళడం ఎప్పుడు, ఎందుకు అన్న దగ్గర వచ్చింది.

ఫ్రాన్స్ పక్షం చెప్పేది ఇది. ఊరి పండగకి తొలి వంతు పై వీధివాళ్ళది. వాళ్ళు పండగ ముందురోజే బళ్ళు కట్టుకుని ఎవరికీ చెప్పకుండా పోయారు. పండగపూట బట్టీ వెలగలేదు, ఊరికి రొట్టె లేదు. కెనడా పక్షం చెప్పేది ఇంకోటి. పై వీధివాళ్ళు పేదవాళ్ళని, ఏ పండగొచ్చినా తొలి వంతు వాళ్ళ నెత్తినే రుద్దేవారు. పచ్చిరొట్టె తినీ తినీ విసిగిపోయి, మీ బట్టీ మీరే వెలిగించుకోండని వచ్చేశారు. ముత్తాతలు పోయి ఎన్నో ఏళ్ళయినా, ఇటు పక్షం పెద్దాయన ఆ పచ్చిరొట్టె నిన్న తానే తిన్నట్టు చెప్పేవాడు. ఆయన ఆరడుగుల గోధుమ రైతు. ఫ్రెంచి పూర్తిగా మరిచిపోయాడు, పంతం మాత్రం మరవలేదు.

నాకు తోచింది చెబుతాను. వాళ్ళు వచ్చింది ఆకలికి. కాని మా ముత్తాత ఆకలికి తట్టుకోలేక వచ్చాడని గోడ మీద రాయించుకోవడం ఎవరికి ఇష్టం? తగవు పడి వచ్చాడంటే కాస్త దర్జాగా ఉంటుంది. నవ్వకండి. కెనడా ఎందుకొచ్చారని మన పార్టీల్లో ఎవరినైనా అడిగి చూడండి, పిల్లల చదువు అంటారు, చల్లటి గాలి అంటారు. నేనూ అలాగే అంటాను.

నా ముసాయిదాలు ఇటు పంపితే అటు కోపం, అటు పంపితే ఇటు కోపం. ప్రారంభోత్సవం దగ్గర పడింది. మేయరమ్మ తనకీ, వెంట వచ్చే నలుగురికీ విమానం టికెట్లు కూడా కొనేసింది. అప్పుడు డైరెక్టరమ్మకి ఆనాటి ఐడియా వచ్చింది. ఇక్కడివాళ్ళకి ఫ్రెంచి రాదు, అక్కడివాళ్ళకి ఇంగ్లీషు రాదు. కాబట్టి ఇంగ్లీషు బోర్డు వీళ్ళకి నచ్చేట్టు, ఫ్రెంచి బోర్డు వాళ్ళకి నచ్చేట్టు రాస్తే ఇద్దరూ తలూపుతారు. నేను కాసేపు తల గోక్కున్నాను. చివరికి, అబద్ధం మాత్రం ఒక్క ముక్క రాయనని చెప్పి ఒప్పుకున్నాను. ఫ్రెంచిలో, "తొలి వంతు ఉన్న కుటుంబాలు పండగ ముందురోజు వెళ్ళిపోయాయి, ఆ ఏడు బట్టీ వెలగలేదు" అని రాశాను. ఇంగ్లీషులో, "వంతుల్లో జరిగిన అన్యాయం భరించలేక కొన్ని కుటుంబాలు ఊరు విడిచాయి" అని రాశాను. రెండూ పక్కపక్కనే బిగించాం. బోర్డులు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

ప్రారంభోత్సవం నాటికి మంచి ఎండాకాలం. పెరట్లో బల్లలు వేశాం. బట్టీ వెలిగించడానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ సాయంత్రం దాకానే ఉంది. బట్టీ పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి. రెండు పక్షాలవాళ్ళూ పిండి ముద్దలు గుడ్డల్లో చుట్టి తెచ్చుకున్నారు. పాలకవర్గం వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. మా ఆవిడ కూడా ఒక ఐస్ డబ్బా, ఒక బరువైన సంచీ పట్టుకుని వచ్చి వెనక చెట్టుకింద కూర్చుంది. ఆవిడ గురించి తర్వాత చెబుతాను.

మేయరమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం కొండ మీద మేకల్ని పిలవడానికి అలవాటు పడిన గొంతు. ఫ్రెంచి బోర్డు చదివింది, తలూపింది. నా ప్రాణం కుదుటపడింది. పెద్దాయన ఇంగ్లీషు బోర్డు చదివాడు, ఆయనా తలూపాడు. డైరెక్టరమ్మ నా వైపు చూసి కన్ను గీటింది. అప్పుడు మేయరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ఇంగ్లీషు బోర్డు ముందుకి జరిగింది.

మాకు తెలియంది ఏమిటంటే, ఆ ఊళ్ళో ఇప్పుడు సగం ఇళ్ళు సెలవులకు వచ్చే ఇంగ్లీషువాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళకి మేకపాల చీజ్ అమ్మీ అమ్మీ మేయరమ్మకి ఇంగ్లీషు వచ్చేసింది. ఫోన్లో ఫ్రెంచి తప్ప మాట్లాడలేదు కాబట్టి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. రెండు బోర్డులూ మార్చి మార్చి చదివింది. తర్వాత ఫ్రెంచి బోర్డు మీద ఏముందో పెద్దాయనకి ఇంగ్లీషులో శుభ్రంగా చెప్పింది. నాకంటే బాగా అనువాదం చేసింది. పెద్దాయన మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇది అనువాదం కాదు," అంది మేయరమ్మ నాతో. "ఇవి రెండు ఊళ్ళు. ఇందులో మా ఊరు ఏది?"

డైరెక్టరమ్మ ఏదో అర్జంటు ఫోన్ వచ్చినట్టు లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా పడని రెండు పక్షాలూ మొదటిసారి ఒక్కటయ్యాయి, మమ్మల్ని తిట్టడానికి. నేను ఇటు ఇంగ్లీషులోనూ అటు ఫ్రెంచిలోనూ తిట్లు తిన్నాను. మా నాన్నగారి పుణ్యమా అని ఫ్రెంచివి పూర్తిగా అర్థమయ్యాయి. పాలకవర్గం అధ్యక్షుడు వాచీ చూసుకోవడం నేను చూశాను. నా ఉద్యోగం ఆ వాచీలోంచి జారిపోతున్నట్టే అనిపించింది.

సరే, ముందు రొట్టెలన్నా కాల్చండి, తిన్నాక మాట్లాడుకుందాం అన్నాను. అంతకంటే పెద్ద పొరపాటు లేదు. బట్టీ చల్లగా ఉంది. తొలి వంతు ఎవరిది? మా ముత్తాతలు చాలినంత పచ్చిరొట్టె తిన్నారు, ఇక తినం అన్నాడు పెద్దాయన. ఆ రోజు ఎగ్గొట్టిన వంతు ఇంకా మీదే, మీరు తీర్చాకే మేం అంది మేయరమ్మ. ఇటువాళ్ళు ఇటు బల్ల దగ్గర, అటువాళ్ళు అటు బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నారు. మధ్యలో అగ్గిపెట్టె. దాని జోలికి ఎవరూ పోలేదు. ఎండలో పిండి ముద్దలు గుడ్డలు దాటి పొంగుతున్నాయి. అందరి కడుపులూ మాడుతున్నాయి.

ఇప్పుడు మా ఆవిడ సంగతి. ఆవిడకి దిబ్బరొట్టె అంటే ప్రాణం. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి ఇనప మూకుట్లో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి, సన్నసెగ మీద ఓపిగ్గా కాలిస్తే వచ్చే రొట్టె. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. యానాం నుంచి వచ్చేటప్పుడు బట్టలు తగ్గించి మరీ సూట్‌కేసులో మూకుళ్ళు పెట్టుకొచ్చింది. కాని మా అపార్ట్‌మెంట్‌లో రొట్టె అడుగు ఎర్రబడేలోపే స్మోక్ అలారం మోగేది, పై అంతస్తువాళ్ళు చలికోట్లు వేసుకుని మెట్లు దిగేవారు. మ్యూజియంలో కట్టెల బట్టీ కడుతున్నారని చెప్పిన రోజు నుంచి ఆవిడ దాని మీదే కన్నేసింది. అందరి వంతులూ అయ్యాక చివర నిప్పుల్లో రెండు రొట్టెలు పెట్టుకుంటానని నాతో మాట తీసుకుంది. ఐస్ డబ్బాలో ఉన్నది ఆ పిండి, సంచీలో ఉన్నవి ఆ మూకుళ్ళు.

ఆవిడ చాలాసేపు ఓపిక పట్టింది. చరిత్రతో ఆవిడకి పనిలేదు. ఇక ఆగలేక నా దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ఆళ్ళెందుకు ఎలిగించట్లేదు?"

మొదట వెలిగించినవాళ్ళకి వేడి చాలదనీ, సెగ సన్నంగా ఉంటుందనీ, అందుకే ఎవరికీ వద్దనీ చెప్పాను.

"సన్నసెగేనా?" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "మనకి కావాల్సిందదే కదండీ. ఆళ్ళు వద్దంటే మనం పెట్టేసుకుందాం. పిండి పులిసిపోతంది, ఆయ్."

నేను ఏదో అనేలోపే వెళ్ళి బల్ల మీది అగ్గిపెట్టె తీసింది. రెండు బల్లలవాళ్ళూ మెడలు చాచి చూశారు. నేను వెనకాలే వెళ్ళి కట్టెలు పేర్చాను. చిన్నప్పుడు చేసిన పనే కాని, చేతులు మరిచిపోయాయి. బోలెడు పొగ వచ్చింది. ఇది చూసి మేయరమ్మ ఉండబట్టలేకపోయింది. కట్టెలు అలా కాదని తిడుతూ వచ్చి, నన్ను పక్కకి తోసి, తానే పేర్చింది. అది చూసి పెద్దాయన ఉండబట్టలేకపోయాడు. ఈ దేశపు కట్టె సంగతి ఆవిడకేం తెలుసు, బిర్చి కట్టె వెయ్యాలని ఒక మోపు మోసుకొచ్చాడు. ఆవిడ కట్టెలు సర్దుతోంది, ఆయన అందిస్తున్నాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, ఇద్దరూ నన్ను తిడుతున్నారు. నాకు మాత్రం ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో.

కట్టెలు కాలి నిప్పులయ్యాయి. మా ఆవిడ మూకుళ్ళలో నూనె వేసి, పిండి పోసి, మూతలు పెట్టి లోపలికి తోయించింది. మూతల మీద కూడా నిప్పులు పెట్టమని వేలితో చూపించింది. మేయరమ్మ నోరెత్తకుండా పెట్టింది. కాసేపటికి వాసన మొదలైంది. మినప్పిండి నూనెలో ఎర్రబడే వాసన పెరడంతా పరుచుకుంది. పాలకవర్గం అధ్యక్షుడు వాచీ చూడడం మానేశాడు.

మూత తీస్తే దిబ్బరొట్టె మా అమ్మ చేసినట్టే ఉంది. అడుగు ఎర్రగా, అంచు కరకరలాడుతూ. ఈ దేశం వచ్చాక అలాంటి రొట్టె నేను తినలేదు. మా ఆవిడ దాన్ని ముక్కలు కోసింది. చెరకు పానకం ఎక్కడ దొరుకుతుంది, మేపుల్ సిరప్ పోసి ఇచ్చింది. పెద్దాయన తిని, మళ్ళీ పళ్ళెం చాపాడు. మేయరమ్మ తన ముక్క మీద మేక చీజ్ పెట్టుకుంది. తినడం అయ్యాక, వాళ్ళ అమ్మమ్మ కూడా సరిగ్గా ఇలాంటిదే చేసేదని చెప్పింది. పెద్దాయన వెంటనే, మా అమ్మమ్మే చేసేదన్నాడు. మా ఆవిడ నాతో తెలుగులో, వీళ్ళ అమ్మమ్మలకి మినుములు ఎక్కడివండీ అంది. నేను ఆ ముక్క అనువదించలేదు.

ఈలోగా బట్టీ రాళ్ళు బాగా వేడెక్కాయి. ఇప్పుడు రెండో వంతు, అసలైన మంచి వంతు. రెండు పక్షాలూ ఒకేసారి లేచాయి. మళ్ళీ తగవు అనుకుని నేను మధ్యలోకి పరిగెత్తాను. మేయరమ్మ బట్టీలోకి తొంగి చూసి, చోటు చాలా ఉందంది. ఎడమపక్క వాళ్ళ రొట్టెలు, కుడిపక్క వీళ్ళవి. పర్మిట్ అయిపోయేలోపు అన్నీ దివ్యంగా కాలాయి.

కడుపు నిండాక బోర్డుల సంగతి వచ్చింది. మేయరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ రెండూ పీకెయ్," అంది. "ఒకటే రాయి. తోటలు ఎండిపోయాయి, వెళ్ళినవాళ్ళూ ఉన్నవాళ్ళూ అందరూ పస్తులే ఉన్నారు అని రాయి. పండగనాడు బట్టీ ఎందుకు వెలగలేదో వాళ్ళ మాట ఒకటి, మా మాట ఒకటి, రెండూ రాయి. రెండు భాషల్లోనూ రెండూ."

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన నోటినిండా రొట్టె ఉంది, తలూపాడు. మూడోసారి పళ్ళెం చాపాడు. గది తెరుచుకుంది. మ్యూజియం నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. డైరెక్టరమ్మ తన ఫోన్ ముగించుకుని వచ్చి, అంతా అనుకున్నట్టే జరిగిందని పాలకవర్గానికి చెప్పింది. మీకూ ఇలాంటి పై అధికారులు తగులుతారు. కంగారుపడకండి, వాళ్ళూ ఉండాలి.

అప్పటినుంచి నేను అనువాదంలో తెలివితేటలు చూపించడం మానేశాను. వాళ్ళు ఏం చెబితే అదే, రెండు వైపులా. అలాగే ఇంకొన్నేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆఖరి వారంలో నా బల్ల మీదికి వచ్చిన చివరి పని ఏమిటో చెప్పి ముగిస్తాను. అది ఫ్రాన్స్ నుంచి, ఆ పల్లె నుంచే వచ్చింది. టూరిస్టుల కోసం వేసిన రంగుల కాగితం. ఇంగ్లీషులోకి మార్చి పంపమని మేయరమ్మ కోరింది. ఊరి చరిత్ర, తోటలు, మేకలు అన్నీ ఉన్నాయి. చివర్న పండగ గురించి ఇలా ఉంది: "అనాదిగా మా ఊళ్ళో పండగనాడు బట్టీలో తొలి వంతు ఏ ఇంటిదీ కాదు. ఆ సన్నసెగ మీద మూతపెట్టిన మూకుట్లో మందపాటి రొట్టె ఒకటి కాల్చి, తేనె పోసి, ఊరంతా పంచుకుంటారు. దీన్ని తూర్పుదేశాలకు వెళ్ళివచ్చిన పూర్వీకులు తెచ్చారని పెద్దలు చెబుతారు."

పక్కన ఫొటో కూడా ఉంది. దిబ్బరొట్టే. సందేహం లేదు. నేను ఎన్నడూ కాలుపెట్టని ఊళ్ళో మా ఆవిడ అందరికీ పూర్వీకురాలైపోయింది. దిద్దుదామని కలం తీశాను. కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్ళీ పెట్టేశాను. ఉన్నది ఉన్నట్టుగా, అనాదిగా అన్నదాన్ని కూడా వదలకుండా ఇంగ్లీషులో పెట్టాను. ఇంటికి తెచ్చి మా ఆవిడకి తెలుగులో చదివి వినిపించాను. పిండి రుబ్బుకుంటూ వింది. తేనె పోస్తే పర్లేదులే అంది. తర్వాత గ్రైండర్ ఆపింది.

"అనాదిగా అంటే ఎన్నేళ్ళండీ?"

"వచ్చే పండక్కి ఎనిమిది," అన్నాను.